వేళ్లు మండుతున్నాయా? ముందు తీగలు మార్చి చూడండి

కోయిలకుంట్లలో గిటార్ తీగ తెగితే మా గుంపులో మొదట వచ్చే ప్రశ్న ‘యాడ దొరుకుతుంది?’ అని. ‘ఏ రకం కావాలి?’ అని ఎవరూ అడగరు. నంద్యాల పోయేవాళ్లెవరైనా కనపడితే ‘అన్నా, ఒక సెట్ పట్టుకురా’ అని చెప్పేస్తాం. అన్న ఏది తెస్తే అదే. సైజు చెప్పకుండా చెప్పులు తెప్పించుకున్నట్టే ఇది.

నేనిక్కడ చర్చిలో, కాలేజీ ఫంక్షన్లలో గిటార్ వాయిస్తుంటా. నేర్చుకుంటామని ఉత్సాహంగా మొదలుపెట్టి, నెల తిరక్కుండానే మానేసిన వాళ్లను చాలామందిని చూశా. అందరిదీ ఒకటే మాట: ‘వేళ్లు కోసుకుపోతున్నాయి, మనకు ఇది రాదులే.’ రాకపోవడం కాదు స్వామీ, చాలాసార్లు తప్పు తీగ లావుది.

ప్యాకెట్ మీద 10, 11, 12 అని అంకెలుంటాయి చూడండి. అది అన్నిటికంటే సన్నగా ఉండే ఒకటో తీగ మందం, అంగుళంలో వెయ్యో వంతు లెక్కన. 10 అంటే పావు మిల్లీమీటరు, 12 అంటే 0.3 మిల్లీమీటర్లు. తేడా ఓ వెంట్రుకంతే. కానీ అదే శ్రుతిలో పెట్టాలంటే 10 తీగను ఏడు కిలోల పైచిలుకు బలంతో లాగితే చాలు, 12కైతే పదిన్నర కిలోలు కావాలి. అంటే 44 శాతం ఎక్కువ! ఆరు తీగలూ కలిపితే 12 సెట్ లాగుడు 70 కిలోలు దాటుతుంది. దాదాపు మూడు పాతిక కిలోల బియ్యం బస్తాలు గిటార్‌కు వేలాడదీసినట్టు. లేత వేళ్లు మండక ఏం చేస్తాయి?

మా వీధిలో ఇంటర్ చదివే తమ్ముడొకడు ఇలాగే గిటార్ అమ్మేస్తానన్నాడు. దానికున్నవి 12లు, పైగా తుప్పు. 10 సెట్ వేసి చేతికిచ్చా. రెండు కార్డులు పట్టి ‘అన్నా, ఇది నా గిటారేనా?’ అన్నాడు. ఎఫ్ కార్డ్ ఇంకా పడలేదు, అది వేరే సంగతి. అమ్మే మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు.

డబ్బుల్లేవా? అన్ని తీగల్నీ అర స్వరం కిందికి దించి, మొదటి ఫ్రెట్ మీద క్యాపో పెట్టండి. శ్రుతి మామూలుగానే ఉంటుంది, లాగుడు పదో వంతు తగ్గుతుంది. అయితే పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ మూడు మిల్లీమీటర్ల కంటే బాగా పైకి లేచి ఉంటే మాత్రం ఏ తీగ వేసినా బాధ తప్పదు, గిటార్‌ను సెట్టింగ్‌కి ఇవ్వాల్సిందే.

సన్న తీగలతో పోయేదీ ఉంది. సౌండ్ తగ్గుతుంది, కింది స్వరాల్లో నిండుదనం ఉండదు. మైకు లేకుండా పదిమందికి వినిపించేలా గట్టిగా స్ట్రమ్ చేయాలంటే 12లే మొనగాళ్లు. వేళ్లు కాయ కాచాక 11కి, ఆ తర్వాత 12కి పోవచ్చు.

ఇక లోహం. అకూస్టిక్ సెట్‌పై ‘80/20 బ్రాంజ్’ అని రాసి ఉంటే, లావు తీగలకు చుట్టింది 80 పాళ్లు రాగి, 20 పాళ్లు జింకు. పేరుకే బ్రాంజ్, నిజానికి ఇత్తడి! సౌండ్ గలగలమంటుంది, కానీ ఆ మెరుపు త్వరగా పోతుంది. ‘ఫాస్ఫర్ బ్రాంజ్’ అసలైన కంచు. రాగిలో కాస్త తగరం, చిటికెడు ఫాస్ఫరస్. డడారియో కంపెనీ 1974లో గిటార్‌కు పరిచయం చేసింది. గొంతు కాస్త వెచ్చగా, గుండ్రంగా ఉంటుంది, ఎక్కువ రోజులు నిలుస్తుంది. పాటకు తోడుగా వాయించే వాళ్లకు నా ఓటు దీనికే. ఎలక్ట్రిక్ గిటార్‌కు ఈ రెండూ వద్దు. దాని పికప్‌కు అయస్కాంతం పట్టే నికెల్, స్టీలు కావాలి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తా. మీ గిటార్‌లో కింది మూడు తీగలు ప్లాస్టిక్‌లా ఉంటే అది నైలాన్ తీగల క్లాసికల్ గిటార్. అది సుమారు 40 కిలోల లాగుడు కోసం కట్టింది. ‘ఇవి లేవు, ఇవి వేస్కో’ అని షాపులో స్టీలు తీగలు అంటగడితే తీసుకోవద్దు. బ్రిడ్జి ఊడి చేతికొస్తుంది.

మా ఎండల్లో తీగకు అసలు శత్రువు చెమట. వాయించగానే పాత కాటన్ గుడ్డతో తీగల పైనా కిందా తుడవండి. కొబ్బరినూనె రాయొద్దు, చుట్ల మధ్య మడ్డి పేరుకుని సౌండ్ చస్తుంది. చెమట మరీ ఎక్కువైతే ఎలిక్సిర్ లాంటి కోటింగ్ తీగలు చూడండి. ధర ఎక్కువే, మన్నిక కూడా ఎక్కువే.

కొత్త తీగలు ఒకటి రెండు రోజులు శ్రుతి జారుతూనే ఉంటాయి, కంగారొద్దు. ఖాళీ కవర్ మాత్రం పారేయకుండా బ్యాగులో పెట్టుకోండి. ఈసారి నంద్యాల పోయే అన్నకు దాని ఫొటో వాట్సాప్ చేస్తే సరిపోతుంది.