కోత పండుగలో పరిగె ఎవరిది?

వరి నూర్పిళ్లు ముగిసి ధాన్యం ఇళ్లకు చేరే రోజులు వచ్చాయంటే మన సంఘాల్లో కోత పండుగ సందడి మొదలైనట్టే. గుడి గుమ్మానికి చెరకు గడలు, అరటి గెలలు కడతారు. బలిపీఠం ముందు కొత్త బియ్యం, గుమ్మడికాయలు, కొబ్బరికాయలు, కోడిగుడ్లు, పిండివంటలు పేరుస్తారు. కాళ్లు కట్టి తెచ్చిన కోడిపుంజు ప్రసంగం మధ్యలో కూత వేస్తే పిల్లలు నవ్వు ఆపుకోలేరు. ఆరాధన అయ్యాక ఆవరణలో వేలంపాట, ఆ తర్వాత ప్రేమ విందు. తేదీ ఒక్కో డయాసిస్‌లో ఒక్కో విధంగా ఉన్నా, పండుగ జరిగే తీరు మాత్రం దాదాపు ఒకటే.

సంఘ సంవత్సరంలోని మిగతా పండుగలకూ దీనికీ ఒక తేడా ఉంది. ఆగమన కాలం, క్రిస్మస్, శ్రమకాలం, ఈస్టర్, పెంతెకొస్తు మనల్ని ప్రభువు జీవితంలోని సంఘటనల వెంట నడిపిస్తాయి. కోత పండుగకు అలాంటి సంఘటన ఏదీ ఆధారం కాదు. మన నేల, మన చెమట, మన అన్నం దానికి ఆధారం. అందుకే దాని అర్థం తేలిగ్గా చేజారిపోతుంది కూడా. ఇంతకీ ఇది ఎవరి పండుగ? పంట చేతికొచ్చినవారిదేనా? ఈ ప్రశ్నకు జవాబు వెతకాలంటే పండుగ ఎక్కడి నుంచి వచ్చిందో కొంచెం తెలుసుకోవాలి.

ఇంగ్లండు నుంచి వచ్చిన ఆచారం

ఆంగ్లికన్ సంఘానికి పునాదిగా నిలిచిన 1662 నాటి సామాన్య ప్రార్థనల గ్రంథంలో వర్షం కోసం, కరవు కాలం కోసం ప్రార్థనలున్నాయి. సమృద్ధి కలిగినప్పుడు చెప్పవలసిన కృతజ్ఞతాస్తుతి కూడా ఉంది. కానీ కోత పండుగ అని ప్రత్యేకంగా ఒక ఆరాధన క్రమం లేదు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందు మాత్రం ఇంగ్లండు పల్లెల్లో ఆగస్టు 1న ‘లామస్’ జరుపుకునేవారు. ఆ మాటకు రొట్టె ఆరాధన అని అర్థం. కొత్త గోధుమలతో చేసిన మొదటి రొట్టెను ఆ రోజు గుడికి తెచ్చేవారు.

ఆ పాత ఆచారాన్ని గుర్తుచేస్తూ 1843లో కార్న్‌వాల్ ప్రాంతంలోని మోర్వెన్‌స్టో అనే చిన్న పారిష్‌లో రాబర్ట్ స్టీఫెన్ హాకర్ అనే గురువు కోత కృతజ్ఞతారాధనకు తన సంఘాన్ని పిలిచారు. కొత్త పంటతో చేసిన రొట్టెను ప్రభురాత్రి భోజనంలో అందరూ కలిసి తీసుకోవాలన్నది ఆయన ఆలోచన. ఈనాటి కోత పండుగ అక్కడి నుంచే వ్యాపించిందని సాధారణంగా చెబుతారు. హాకర్ గురించి మరో సంగతి కూడా గుర్తుంచుకోదగ్గది. ఆయన పారిష్ సముద్రపు ఒడ్డున ఉంది. తుఫానుల్లో ఓడలు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన నావికుల శవాలను, వారెవరో ఏ ఊరివారో తెలియకపోయినా, తన గుడి ఆవరణలోనే క్రైస్తవ మర్యాదతో పాతిపెట్టించేవారు. కొత్త పంట రొట్టెలో అందరికీ పాలుండాలన్న మనిషి, పరదేశికి తన నేలలో చోటు కూడా ఇచ్చాడు.

ఆ కాలపు ఇంగ్లండులో ఇంకో కథ కూడా నడిచింది. కోసిన చేలో రాలిన కంకులు ఏరుకోవడం, అంటే పరిగె ఏరుకోవడం, అక్కడి పేద స్త్రీలకూ పిల్లలకూ తరతరాలుగా అలవాటు. 1788లో అక్కడి న్యాయస్థానం అది చట్టం ఇచ్చిన హక్కు కాదని తీర్పు చెప్పింది. తీర్పు తర్వాత కూడా చాలా ఊళ్లలో అలవాటు కొనసాగింది గానీ, పేదవాడి హక్కు కాస్తా పొలం యజమాని దయగా మారింది. గుడిలో కోత పండుగ వెలిగే నాటికి చేలో పరిగె నిలకడ లేనిదైపోయింది.

దోర్నకల్ నేర్పిన పాఠం

ఆంగ్లికన్ మిషనరీలు 1841లో మచిలీపట్నంలో పని మొదలుపెట్టారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో వి.ఎస్. అజరయ్య గారు దోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయనే. తిరునెల్వేలి నుంచి వచ్చిన ఆయన తెలుగు పల్లెల మధ్య 1945 జనవరి 1న కన్నుమూసేవరకు సేవ చేశారు. 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన దోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్ ఈ నేల శిల్పరీతులను కలుపుకొని నేటికీ నిలిచి ఉంది.

ఆ డయాసిస్ సంఘాల్లో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాలవారు. సొంత పొలం ఉన్నవారు కొద్దిమందే. తక్కినవారు ఇతరుల చేలల్లో కూలీలు, పాలేర్లు. అలాంటివారిని కానుక ఇమ్మని అడగవచ్చా? విదేశీ డబ్బు మీద ఆధారపడని సంఘం కావాలని కోరుకున్న అజరయ్య గారు అడగవచ్చనే నమ్మారు. క్రైస్తవ దానం గురించి ఒక పుస్తకమే రాశారు. అన్నం వండేటప్పుడు ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి ఇంటి తల్లి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. ఆదివారం ఆ బియ్యం గుడికి వచ్చేది.

పిడికెడు బియ్యంలో ఒక గొప్పతనం ఉంది. ఎవరి పిడికిలి అయినా దాదాపు ఒకే కొలత. గుడి గంపలో పడ్డాక ఏ గింజ ఏ ఇంటిదో ఎవరూ చెప్పలేరు. భూమి లేని తల్లి కూడా తీసుకునేదిగా మాత్రమే కాక, ఇచ్చేదిగా దేవుని సన్నిధిలో నిలబడింది. ఊరు ఆమెకివ్వని గౌరవం ఆ గంప ఇచ్చింది.

వాక్యం ఏం చెబుతోంది

ప్రథమ ఫలాల గంపను యాజకుని దగ్గరకు ఎలా తేవాలో ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయం వివరిస్తుంది. గంప తెచ్చినవాడు ముందు తన పంట గొప్ప చెప్పుకోడు. తన పితరుడు నిలువ నీడలేని పరదేశి అని, తన జనం ఐగుప్తులో దాస్యం చేసిందని ఒప్పుకుంటాడు. ఆ తర్వాతే సంతోషం. ఆ సంతోషంలో లేవీయుడికీ, ఊళ్లో ఉన్న పరదేశికీ పాలుండాలి. అదే అధ్యాయం 12వ వచనంలో మూడో సంవత్సరపు దశమభాగం పరదేశులకూ, తండ్రిలేనివారికీ, విధవరాండ్రకూ తృప్తిగా తినడానికి దక్కాలని ఉంది.

లేవీయకాండం 23వ అధ్యాయం ఇంకా సూటిగా ఉంటుంది. అధ్యాయమంతా పండుగల గురించే. పెంతెకొస్తు కోత పండుగ అర్పణలు చెప్పి, తర్వాతి పండుగకు వెళ్లేలోపు 22వ వచనంలో పొలం గట్ల ఓరలు కోయవద్దు, పరిగె ఏరవద్దు, అవి పేదలకూ పరదేశులకూ వదిలేయండి అన్న ఆజ్ఞ వస్తుంది. పండుగ విధుల మధ్యలో పొలం సంగతి ఎందుకు? పరిగె లేకపోతే ఆ పండుగ పూర్తికాదు గనుక. బోయజు చేలో పరిగె ఏరుకున్న మోయాబీయురాలు రూతు దావీదుకు ముత్తవ్వ అయింది, మన ప్రభువు వంశావళిలో చేరింది.

వేలంపాటలో మంచీ చెడూ

ఇప్పుడు మన ఆవరణలోకి వద్దాం. వేలంపాటను తీసిపారేయనక్కర లేదు. ఉపదేశి జీతం, గుడి పైకప్పు మరమ్మతు, సండే స్కూలు ఖర్చు చాలా పల్లెల్లో ఆ డబ్బుతోనే గడుస్తాయి. ముసలమ్మ తెచ్చిన ఒక్క గుడ్డు పదింతల ధర పలికితే ఆమె ముఖం వెలుగుతుంది. అది మంచి సంతోషమే.

కానీ పాట పెరిగేకొద్దీ పండుగ కొందరి చేతుల్లోకి పోతుంది. కొబ్బరికాయ కోసం ఇద్దరు పెద్దలు పంతానికి పోతారు. ఇచ్చినవారి పేర్లూ మొత్తాలూ మైకులో చదువుతారు. చేతిలో ఏమీ లేనివారు మెల్లగా వెనక్కి జరిగి, ఆ మరుసటి ఏడు రావడం మానేస్తారు. గుడ్డు తెచ్చిన అవ్వ ఇంట్లో ఆ రాత్రి పొయ్యి వెలిగిందో లేదో ఎవరూ అడగరు. కానుకపెట్టె ఎదుట కూర్చున్న ప్రభువు మాత్రం పెద్ద మొత్తాలను కాదు, విధవరాలి రెండు కాసులను చూశాడు (మార్కు 12:41–44).

దీన్ని సరిదిద్దడానికి కొత్త కమిటీలు అక్కరలేదు. వేలం మొదలుకాకముందే పోగైన దానిలో ఒక భాగం పరిగెగా పక్కన పెట్టవచ్చు. మంచం పట్టినవారికి, ఒంటరి స్త్రీలకు, ఆ ఏడు పని దొరకని ఇళ్లకు యవ్వనస్థులు దాన్ని చేర్చాలి. పేరు చదవకూడదు, ఫొటో తీయకూడదు. మైకులో మొత్తాలు చెప్పే అలవాటు మానవచ్చు. పిడికెడు బియ్యం కుండ మూలనపడిన సంఘాల్లో దాన్ని మళ్లీ బయటికి తీయవచ్చు.

పంట పోయినవారి సంగతీ మరువకూడదు. తుఫానుకు వరి పడిపోయిన రైతు, గులాబీ పురుగుకు పత్తి పోగొట్టుకున్న కుటుంబం, తన పేరున కాగితం లేక పరిహారం అందని కౌలు రైతు ఆ ఆదివారం ఏ ముఖంతో గుడికి రావాలి? అంజూరపు చెట్లు పూయకపోయినా, చేలు పండకపోయినా దేవునియందు ఆనందించే విశ్వాసం హబక్కూకుది (3:17–18). ఆ వాక్యభాగాన్ని కూడా కోత పండుగనాడు చదివితే వట్టి చేతులతో వచ్చినవారికీ ఆరాధనలో చోటు దొరుకుతుంది.

సామాన్య ప్రార్థనల గ్రంథం మరో మేలైన ఆచారాన్నీ మనకిచ్చింది. ఆరోహణ దినానికి ముందు మూడు రోజులు రొగేషన్ దినాలు. పొలాల కోసం, పని కోసం ప్రార్థించే రోజులవి. మే నెలకు అటూ ఇటూగా, మన ఏరువాకకు ముందే వస్తాయి. ఆ రోజుల్లో గురువుగారు సంఘంతో కలిసి పొలం గట్టుదాకా నడిచి విత్తనం కోసం, కూలీల క్షేమం కోసం ప్రార్థన చేస్తే కోత పండుగకు వేరు దొరికినట్టే. విత్తేటప్పుడు ఎవరి కష్టం ఎవరిదో చూసినవారు కోసేటప్పుడు మరచిపోరు.

పట్నం సంఘాలు మాకు పొలాలెక్కడివి అనవచ్చు. రైతు బజారులో కొన్న సొరకాయను బలిపీఠం ముందు పెట్టడంలో తప్పులేదు. జీతం కూడా పంటే. అయితే జీతానికీ ఓర ఉంటుంది. మన ఇల్లు ఊడ్చే అమ్మ, అపార్ట్‌మెంట్ కాపలాదారు, గుమ్మం దాకా సరుకులు తెచ్చే కుర్రవాడు ఆ రోజు ప్రేమ విందులో మన పక్కన కూర్చుంటే, ద్వితీయోపదేశకాండం చెప్పిన పరదేశి మన పంక్తిలో ఉన్నట్టే.

ఈ ఏటి కోత పండుగకు గంప నింపే ముందు ప్రతి ఇంటివారూ, వేలం మొదలుపెట్టే ముందు ప్రతి సంఘ పెద్దా ఒక్క మాట అడుగుదురు గాక: ఇందులో పరిగె ఎంత, అది ఎవరికి చేరుతుంది? కోత ప్రభువు మన కృతజ్ఞతాస్తుతులను అంగీకరించి, మన మధ్యనున్న పేదల ఆకలి తీర్చే కృప మనకు దయచేయును గాక.