జ్వరాల లెక్క కంప్యూటర్‌కెక్కితే చాలదు
చివరి ఇంటి కబురు అందాలి, సాయం వెనక్కి రావాలి

మురమళ్ళ: ఊళ్ళో ఎవరికైనా జ్వరం వస్తే ముందు ఇరుగుపొరుగుకు తెలుస్తుంది. తర్వాత ఆర్.ఎం.పి. వైద్యునికి. ప్రభుత్వానికి ఎన్నాళ్ళకు తెలుస్తుందన్నదే అసలు సమస్య. ఆ ఆలస్యం తగ్గించడానికి వచ్చిన కంప్యూటర్ విధానాలకు 2020 నాటి కరోనా గట్టి పరీక్షే పెట్టింది.

దేశంలో సమగ్ర వ్యాధుల నిఘా పథకం 2004లో మొదలైంది. ఆరోగ్య కార్యకర్త రోగ లక్షణాలను, డాక్టరు తన అంచనాను, ల్యాబు పరీక్ష ఫలితాన్ని వేర్వేరు ఫారాలలో వారానికోసారి పైకి పంపేవారు. వారంలో జ్వరం వీధంతా పాకగలదు. అందుకే ఏ రోజు వివరాలు ఆ రోజే కంప్యూటర్‌లో చేరే ఏర్పాటు వచ్చింది. 2018 నవంబరులో దానిని ముందుగా చేపట్టిన ఏడు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2021 ఏప్రిల్‌లో అది దేశమంతటికీ విస్తరించింది.

తలుపు తట్టిన మనిషి

గల్ఫ్ దేశాలతో రాకపోకలు ఎక్కువగా ఉన్న కోనసీమ 2020లో తూర్పుగోదావరి జిల్లాలో ఉండేది. ఆ మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం వలంటీర్లను ఇంటింటికీ పంపి, విదేశాల నుంచి వచ్చినవారి వివరాలు రాయించింది. అప్పట్లో దాదాపు 50 ఇళ్ళకు ఒక వలంటీరు ఉండేవారు. ఏప్రిల్‌లో కేంద్రం ఆరోగ్యసేతు తెచ్చింది. దానికి స్మార్ట్‌ఫోను కావాలి. మామూలు ఫోను ఉన్నవారికి 1921 నంబరుకు మిస్డ్ కాల్ ఇచ్చే సదుపాయం కల్పించారు. అయితే పక్కన కూర్చున్నవారికి వ్యాధి ఉందో లేదో ఆ ఫోను పసిగట్టలేదు.

లెక్కకు రానివారు

ఐ.సి.ఎం.ఆర్. 2020 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో దేశంలో రక్తపరీక్షల సర్వే జరిపింది. లెక్కలో ఒక్కరుంటే, నిజానికి 26 నుంచి 32 మందికి వ్యాధి సోకినట్లు తేలింది. తప్పంతా యంత్రానిది కాదు. లక్షణాలు కనిపించనివారు, పరీక్ష అందనివారు, క్వారంటైన్‌కు భయపడి జ్వరం దాచినవారు లెక్కకు ఎలా వస్తారు?

ఇటువంటి విధానం మంచిచెడ్డలు తేల్చడానికి మూడు ప్రశ్నలు చాలు. చివరి ఇంటి జ్వరం అందులోకి ఎక్కిందా? ఎన్ని రోజులకు ఎక్కింది? ఎక్కాక మందులతో ఎవరైనా ఊళ్ళోకి వచ్చారా? మూడోదానికి జవాబు లేకపోతే మొదటి రెండూ కాగితానికే పరిమితం.

వీరేశ్వరస్వామి నిత్యకల్యాణాలకు దూరప్రాంతాల జంటలు తరలివచ్చే మురమళ్ళ వంటి ఊళ్ళకు ఈ జాగ్రత్త మరింత అవసరం. ప్రజలు జ్వరాన్ని దాచకూడదు. ఆర్.ఎం.పి.లు ఆ కబురు ఏ.ఎన్.ఎం.కు చేర్చాలి. ఊరి నుంచి వెళ్ళిన లెక్క ఏమైందో అధికారులు పంచాయతీ బోర్డు మీద రాయించాలి. అడిగి వెళ్ళినవారు తిరిగి వచ్చి చెబితేనే రెండోసారి జనం నిజం చెబుతారు.