ట్రైకోడెర్మా: మందు కాదు, ప్రాణమున్న బూజు

ఈ రోజు ఎపిసోడ్ నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతా.

మా మామయ్యకి మదనపల్లె దగ్గర ఎకరం టమాట ఉంది. పోయిన సీజన్‌లో పూత టైమ్‌కి చెట్లు ఒక్కొక్కటే పసుపెక్కి వాడిపోయాయి. కాండం చీల్చి చూస్తే లోపల గోధుమరంగు చారలు. ఫ్యుజేరియం ఎండు తెగులు. బీటెక్ చదివాం, నాలుగు వీడియోలు చూశాం కదా, వెంటనే సలహా ఇచ్చేశా. "మామా, ట్రైకోడెర్మా, కార్బెండజిమ్ రెండూ కలిపి మొదళ్లలో పోసెయ్, డబుల్ సేఫ్టీ!"

వారానికి ఫోన్. "రేయ్, రెండు మందులూ పోస్తిమి గదా, ఇంకా చెట్లు చస్తానే ఉండాయి ఏందిరా?"

తప్పు ఆ "రెండు మందులు" అన్న మాటలోనే ఉంది. కార్బెండజిమ్ మందే, శిలీంద్రాల్ని చంపుతుంది. కానీ ట్రైకోడెర్మా కూడా ఒక శిలీంద్రమే! ప్రాణమున్న బూజు. యాప్ ఇన్‌స్టాల్ చేసి, వెంటనే ఫోన్ ఫార్మాట్ కొట్టినట్టు చేశాన్నేను.

సరే, ఇది ఎలా పని చేస్తుంది? 1932లో రిచర్డ్ వైండ్లింగ్ అనే శాస్త్రవేత్త ఇది ఇంకో శిలీంద్రాన్ని ఎలా తింటుందో వివరించారు. దీని సన్నటి దారాలు తెగులు శిలీంద్రం దారాల్ని చుట్టుకుంటాయి. కైటినేజ్, గ్లూకనేజ్ లాంటి ఎంజైములు వదిలి దాని గోడని కరిగిస్తాయి. ఇంకో పని కూడా ఉంది. వేర్ల చుట్టూ ఉన్న చోటు, తిండి ముందే ఆక్రమించేస్తుంది. బస్సులో కర్చీఫ్ వేసినట్టు! అందుకే ఇది తెగులు కంటే ముందు రావాలి. వాడిపోయిన చెట్టుని ఇది బతికించలేదు.

వాడే పద్ధతి చూద్దాం. 90 కిలోల బాగా చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా పొడి కలపండి. నీడలో కుప్ప పోసి, తడి ఆరకుండా నీళ్లు చిలకరిస్తూ, గోనెపట్టా కప్పి, వారం పది రోజులు ఉంచండి. తెల్లగా, పచ్చగా బూజు పట్టిందంటే అది పెరిగినట్టే. నాటే ముందు ఎకరానికి చల్లండి. నేలలో తేమ మాత్రం తప్పనిసరి. రసాయన శిలీంద్రనాశినికి, దీనికి మధ్య రెండు వారాలైనా ఎడం పెట్టండి.

కొనేటప్పుడు ఎక్స్‌పైరీ డేట్ చూడండి. ట్రైకోడెర్మా విరిడి 1 శాతం పొడి అయితే గ్రాముకి కనీసం 20 లక్షల జీవకణాలు ఉండాలి. ప్యాకెట్‌ని ఎండలో, వేడి కారులో పెట్టారంటే మిగిలేది ఉత్త పొడే.

ఇంకో ముఖ్యమైన పాయింట్. వాడిపోయిన ప్రతి చెట్టూ ఫ్యుజేరియం కాదు. కాండం ముక్క కోసి గ్లాసు మంచినీళ్లలో వేలాడదీయండి. కాసేపటికి పాలలాంటి తెల్లటి ధార దిగిందా? అది బ్యాక్టీరియా ఎండు తెగులు. దానికి ట్రైకోడెర్మా మీద భారం వేసి కూర్చోకండి, వ్యవసాయ అధికారికి చూపించండి.

ఈసారి మామ నాటకముందే ఎరువు కుప్ప వేశాడు. పది రోజులకి ఫోటో పంపి, "బూజు పట్టిందిరా, పారేయాలా?" అని అడిగాడు. "వద్దు మామా, దాని కోసమే కదా ఇదంతా!" అన్నా.

మీ ఇంట్లో కూడా ఎవరైనా టమాట, మిరప వేస్తుంటే ఈ ఎపిసోడ్ వాళ్లకి పంపండి. నాటిన తర్వాత కాదు, ముందే.