సావిడిలో సైకిలు

మా నాన్న సైకిలు పాతికేళ్లుగా అమరావతిలో మా గొడ్లసావిడి దూలానికి వేలాడుతూ ఉండేది. గొడ్లు ఎప్పుడో పోయాయి. సావిడిలో ఇప్పుడు పాత మంచాలు, ఎరువుల సంచులు, పనికిరాని మోటారు ఒకటి ఉన్నాయి. వాటన్నిటి పైన, సాలెగూళ్లలో, నల్లటి హెర్క్యులిస్. మొన్న దసరా సెలవులకు వచ్చిన మా అమ్మాయి, మా తమ్ముడి కొడుకు దాన్ని చూసి దించమని పట్టుబట్టారు. దించాక ఇద్దరూ అడిగిన మొదటి ప్రశ్న ఒకటే: "దీనికి ఏ రంగు వేద్దాం?"

పాత సైకిలు బాగుచేద్దామనుకునే ప్రతి ఇంట్లోనూ మాట రంగుతోనే మొదలవుతుంది. నిజానికి అది అన్నిటికన్నా చివర రావాల్సిన మాట. కొన్నిసార్లు అసలు రానే కూడదు.

పానా పట్టుకోకముందు సైకిల్ని చదవాలి. తడిగుడ్డతో దుమ్ము తుడిచి, ముందున్న కంపెనీ బిళ్ల, సీటు కింద పైపు మీద కొట్టిన నంబరు, పెడళ్ల దగ్గరి పళ్లచక్రం చూడాలి. రంగు పోయినా, స్టిక్కర్లు ఊడినా పళ్లచక్రం అబద్ధమాడదు. మధ్యలో మూడు కొంగ తలలు కోసి ఉంటే ర్యాలీ. చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడ్డ ఐదుగురు మనుషుల బొమ్మలుంటే హంబర్. అరచెయ్యి ఉంటే రడ్జ్. బీఎస్ఏ వాళ్లయితే ఆ మూడక్షరాలే కోసేవారు. వాళ్ల గుర్తు గూడుగా నిలబెట్టిన మూడు తుపాకులు, ఎందుకంటే బర్మింగ్‌హామ్‌లో ఆ కంపెనీ పుట్టిందే తుపాకుల తయారీకి. మా పిల్లలకు ఈ భాగం బాగా నచ్చింది. ఊళ్లో ఇంకెవరి ఇళ్లలో కొంగలున్నాయో చూడ్డానికి సాయంత్రం బయల్దేరారు.

హెర్క్యులిస్ కూడా మొదట బర్మింగ్‌హామ్‌దే, 1910లో మొదలైంది. కానీ మాది ఇంగ్లండు బండి కాదు. మురుగప్ప వాళ్లు, ఇంగ్లండులోని ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ కంపెనీ కలిసి 1949లో మద్రాసు పక్కన అంబత్తూరులో టీఐ సైకిల్స్ పెట్టారు. మొదట తయారైన పేరు హెర్క్యులిసే. ఆ పదేళ్లలోనే అసన్‌సోల్‌లో సేన్ ర్యాలీ, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో వచ్చాయి. కొత్తగా స్వతంత్రం వచ్చిన దేశం దిగుమతులు బిగించి సొంతంగా చేసుకున్న వస్తువుల్లో సైకిలు ముందువరసలో ఉంది. ఆ కంపెనీల్లో అట్లాస్ చివరి ఫ్యాక్టరీ, సాహిబాబాద్‌లోది, 2020 జూన్ 3న ఆగిపోయింది. ఆ రోజు ప్రపంచ సైకిల్ దినోత్సవం. కాకతాళీయమే, కానీ చదివినప్పుడు మనసు చివుక్కుమంది.

మా సైకిలు నాన్నకు 1962లో పెళ్లికి మామగారు పెట్టింది. ఆ రోజుల్లో అల్లుడికి సైకిలు, చేతి గడియారం పెట్టడం గొప్ప. ఈ సంగతి మాకు తెలుసు. తెలియనివి చాలా ఉన్నాయని విప్పడం మొదలెట్టాకే తెలిసింది. వెనక మడ్‌గార్డు కింది భాగం వంకరగా ఉంటే, సరిచేద్దామని నేను సుత్తి తీశాను. మంచం మీంచి నాన్న, "అది సొట్ట కాదురా, నేనే వంచా" అన్నాడు. వానాకాలం మా నల్లరేగడి డొంకల్లో సైకిలు తొక్కితే బంకమట్టి టైరుకు చుట్టుకుని మడ్‌గార్డులో ఇరుక్కుంటుంది. నాలుగు బారలు పోయేసరికి చక్రం తిరగదు. పుల్లతో గీకుతూ పోవాలి, లేదంటే సైకిల్నే భుజాన వేసుకోవాలి. అందుకని మట్టి జారిపోయేలా మడ్‌గార్డు చివర వంచి కాస్త వెడల్పు చేసుకున్నాడట. హ్యాండిల్ కింద తీగతో కట్టిన చిన్న రేకు బిళ్ల పంచాయతీ వాళ్ల సైకిల్ లైసెన్సు. ఆ రోజుల్లో ఏటా డబ్బు కట్టి కొత్త బిళ్ల తెచ్చుకోవాల్సిందేనని చెబితే పిల్లలు నమ్మలేదు.

ఈ పనిలో ఇంటిల్లిపాదీ ఎందుకుండాలో నాకు అక్కడ అర్థమైంది. నేనొక్కణ్నే చేసి ఉంటే ఆ మడ్‌గార్డును చక్కగా సరిచేసి, బిళ్లను చెత్తలో పారేసేవాణ్ని. అందుకే ఏ భాగం విప్పినా ముందు ఫొటో, ఆ తర్వాత ఇంట్లో పెద్దవాళ్లకు చూపించడం అని నియమం పెట్టుకున్నాం. పిల్లలు నోటుబుక్కులో రాశారు. విప్పిన నట్లు, వాషర్లు వేరువేరు అగ్గిపెట్టెల్లోకి వెళ్లాయి.

చదవడం అయ్యాక చట్రం. తుప్పంతా ఒకటి కాదు. గోటితో గీకితే ఎర్రపొడి రాలే తుప్పు పైపైది. పెచ్చులుగా లేచేది లోపలికి తినేసింది. నీళ్లు నిలిచేచోట్లు ముఖ్యంగా చూడాలి: పెడళ్ల ఇరుసు ఉండే అడుగు గొట్టం, వెనక చక్రం దగ్గరి సన్నపైపుల చివర్లు. పానాతో మెల్లగా కొడుతూ పోతే మంచి పైపు ఖంగుమంటుంది, తిన్న పైపు డొల్లగా పలుకుతుంది. హ్యాండిల్ దగ్గర పైపు అడుగుభాగంలో రంగు ముడతలు పడి ఉంటే అది ఎప్పుడో దేనికో గుద్దుకున్న సైకిలు, పిల్లలకివ్వడానికి పనికిరాదు. ఆ కాలపు చట్రాల పైపుల్ని ఉక్కు సాకెట్లలో దూర్చి ఇత్తడి కరిగించి అతికించేవారు. విరిగితే ఊళ్లో కరెంటు వెల్డింగు పెట్టించబోకండి. పక్కనే పైపు పలచగా ఉంటుంది, ఆ వేడికి పెళుసెక్కి నెల తిరక్కుండా అక్కడే విరుగుతుంది. ఇత్తడితో గ్యాస్ వెల్డింగు చేసేవాణ్ని వెతుక్కోండి.

ఇక విప్పడం. ప్రతి నట్టుకూ మూలన నూనె చుక్క వేసి రాత్రంతా వదిలేయాలి. తొందరపడితే మరలు పోతాయి. అన్ని మరలూ ఒకవైపే తిరగవన్నది కూడా గుర్తుండాలి. ఎడమ పెడలు మర ఎదురుది, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే ఊడుతుంది. ఎందుకని మా అమ్మాయి అడిగింది. పిడికిలిని వదులుగా ఉంగరంలా పట్టి, అందులో పెన్సిలు పెట్టి, రెండో చేత్తో దాని కొనను గుండ్రంగా తిప్పించాను. కొన ఒకవైపు తిరుగుతుంటే పెన్సిలు తనంతట తాను ఎదురువైపు దొర్లుతుంది. తొక్కేటప్పుడు పెడల్ ఇరుసుకూ అదే జరుగుతుంది. ఎడమవైపు మామూలు మర పెడితే తొక్కుతూ తొక్కుతూ ఊడిపోయేది. కుడివైపు అడుగు గొట్టానికి బిగించే కప్పు మర కూడా ఎదురుదే. బాగుంటే దాన్ని కదపకుండా అక్కడే తుడుచుకోవడం మేలు. ఒక మాట: ఇంగ్లండు ర్యాలీ అడుగు కప్పుల మర అంగుళానికి 26 చుట్లు, మిగతా చాలావాటిది 24. ఒకదాని కప్పు ఇంకోదానికి బలవంతాన బిగిస్తే చట్రమే పాడవుతుంది.

పాత సైకిల్లో మనిషికి పరీక్ష పెట్టేది కాటర్ పిన్ను. క్రాంకును ఇరుసుకు బిగించే మేకు అది. ఒకపక్క చదునుగా, ఏటవాలుగా అరగదీసి ఉంటుంది. అరవై ఏళ్లుగా అక్కడే ఉండి తుప్పుతో ఒకటైపోతుంది. నేను చేసిన తప్పు చెబుతాను. నట్టు పూర్తిగా తీసేసి, మర కొన మీద సుత్తితో నాలుగు దెబ్బలు వేశాను. మర నలిగి పుట్టగొడుగులా విచ్చుకుంది. పిన్ను వెంట్రుకవాసి కదల్లేదు. పైగా ఆ దెబ్బంతా ఇరుసు లోపలి బంతుల మీద పడి కప్పుకు సొట్టలు పడ్డాయి.

చేయాల్సింది వేరు. నట్టును మర కొనతో సమంగా వచ్చేదాకా మాత్రమే వదులు చేయాలి, అప్పుడు దెబ్బ మరమీద కాక నట్టుమీద పడుతుంది. క్రాంకు కింద నేలకు ఆనేలా మందపాటి ఇనుపగొట్టం పెట్టాలి, పిన్ను తల ఆ గొట్టం బోలులోకి దిగేలా. అప్పుడు దెబ్బ గొట్టం ద్వారా నేలకు పోతుంది, బంతులకు పోదు. చిన్న దెబ్బలు పది కన్నా గట్టిది ఒకటి నయం. రెండో పిన్ను అలా ఒక్క దెబ్బకే వచ్చింది. మొదటిదాన్ని డ్రిల్లు పెట్టి తొలిపించాల్సి వచ్చింది. కొత్త పిన్నులు వేసేటప్పుడు రెండింటి చదునుపక్కలూ ఎదురెదురు దిక్కులకు ఉండాలి. ఒకేవైపు పెడితే క్రాంకులు ఒక గీతలో నిలవవు, తొక్కుతుంటే సైకిలు కుంటినడక నడుస్తుంది.

బంతుల పని పిల్లలది. అడుగు ఇరుసుకు సాధారణంగా పావంగుళం బంతులు పక్కకు 11, ముందు చక్రానికి 3/16 అంగుళం బంతులు పక్కకు 10, వెనక్కు మళ్లీ పావంగుళంవే 9. ముందు లెక్కపెట్టి రాసుకున్నాక పాతవన్నీ తీసేసి కొత్తవి వేశాం. రెంటినీ కలిపితే కొంచెం పెద్దవే బరువంతా మోసి త్వరగా అరుగుతాయి. కప్పులో గ్రీజు పూస్తే బంతులు దానికంటుకుని కూర్చుంటాయి, జారిపోవు. కోను బిగింపు మాత్రం ఓపిక పని. రిమ్ము పట్టుకుని అటూ ఇటూ ఊపితే చక్రం ఆడకూడదు. గాల్లో వదిలేస్తే వాల్వు బరువుకే తిరిగి, వాల్వు కిందికొచ్చి ఆగాలి. మా తమ్ముడి కొడుకు ఆ ఆట పొద్దుగూకేదాకా ఆడాడు.

చక్రం బెండు తీయడం నేను చేయలేదు. ఊళ్లో పాత సైకిల్ మెకానిక్కుని ఇంటికి పిలిచి, చేస్తుంటే చూశాం. ఈ సైకిళ్లకు బ్రేకు తీగలుండవు, కడ్డీలుంటాయి. మీట నొక్కితే కడ్డీ పైకి లాగి, బ్రేకు రబ్బరు రిమ్ము లోపలి అంచుకు ఆనుతుంది. అందుకని రిమ్ము పక్కకు కాస్త ఊగినా బ్రేకుకు పెద్ద ఇబ్బంది లేదు. గుడ్డులా ఎత్తుపల్లాలుంటే మాత్రం ప్రతి చుట్టుకూ ఒకచోట పట్టి ఒకచోట వదులుతుంది. ముందు ఆ ఎత్తుపల్లం తీసి, తర్వాత పక్క ఊపు తీశాడు. ఒక్కో పుల్ల నిపిలు పావుచుట్టు కన్నా ఎక్కువ తిప్పలేదు. తడిస్తే ఈ బ్రేకు సగం కూడా పనిచేయదని పిల్లలకు రెండుసార్లు చెప్పాడు. నేను మూడోసారి చెప్పాను.

చెయిను మార్చాలా వద్దా అన్నదానికి స్కేలు చాలు. సరైన చెయిను 24 లింకులు 12 అంగుళాలు. అంగుళంలో ఎనిమిదో వంతు సాగితే చెయినే కాదు, పళ్లు కూడా అరిగినట్టే. టైర్లకు ఇబ్బంది లేదు, 28 అంగుళాల ఒకటిన్నర సైజు మన దేశంలో ఇంకా తయారవుతోంది.

మళ్లీ రంగు దగ్గరికొద్దాం. క్రోము మీద తుప్పుకు గరుకుకాగితం వద్దు, గీతలు పడి ఉన్న మెరుపూ పోతుంది. అన్నం పొట్లాలకు వాడే అల్యూమినియం కాగితాన్ని ఉండచేసి నీళ్లలో ముంచి రుద్దండి, పైతుప్పు ఊడొస్తుంది. చట్రం నల్లరంగు సబ్బునీళ్లతో కడిగి, కారు పాలిషు మైనం పట్టించేసరికి కింద చేత్తో గీసిన బంగారు గీతలు సగం సగంగా బయటపడ్డాయి. అప్పటికీ మా వాడికి పసుపురంగు కావాలి. "పసుపు సైకిలు మీద ఊళ్లో తిరిగితే ఎన్నికలొచ్చాయా అంటారు" అని నాన్న నవ్వాడు. చర్చ అక్కడితో ముగిసింది. నవ్వు కాకుండా నా అభిప్రాయమూ అదే. కొత్త రంగు ఎప్పుడైనా వేయొచ్చు, ఒకసారి గీకేసిన పాత రంగు తిరిగి రాదు. ఇంకో కారణం కూడా ఉంది: ఆ కాలపు రంగుల్లో సీసం ఉండేది. పొడిగా గీకితే ఆ ధూళి పిల్లల ఊపిరిలోకి పోతుంది. తప్పక గీకాల్సొస్తే తడిపి గీకండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. తోలు సీటుకు కూడా కొబ్బరినూనె తాగించకండి, మెత్తబడి ఉయ్యాలలా సాగుతుంది. పలచగా మైనం చాలు.

దీపావళికి సైకిలు నేలమీద నిలబడింది. నాన్న తొక్కలేడు, ఎనభై అయిదు. హ్యాండిల్ పట్టుకుని గుమ్మం దాకా నడిపించాడు. పిల్లలు ధరణికోట దాకా వెళ్లి వచ్చారు. ఆ సైకిలు మీద పెదకూరపాడు స్టేషన్‌కి వెళ్లి మీటరుగేజి రైలెక్కేవాణ్నని ఆయన అంతకుముందు ఎన్నోసార్లు చెప్పాడు. ఈసారి చెబుతుంటే ఎవరూ లేచి వెళ్లిపోలేదు.

ఒక్క పని మిగిలింది. ఇత్తడి బెల్లు లోపల బొటనవేలి మీటను వెనక్కి లాగే స్ప్రింగు విరిగింది, పళ్లచక్రం ఒకటి అరిగింది. కొత్త బెల్లు బిగించడం ఐదు నిమిషాల పని. నాన్న ఒప్పుకోలేదు. మీ ఇంట్లో అలాంటి పాత బెల్లు ఏదైనా మూలపడి ఉంటే, పాత ఇనపసామాను వాడి తక్కెడలో వేసేముందు మూత విప్పి ఒకసారి లోపలికి చూడండి.