పాదిరి, గురువు, కాపరి, బిషప్పు: ఈ పేరుల సంగతి

గడచిన సంవత్సరము మన పాఠశాల వార్షికోత్సవమునకు ఆహ్వానపత్రికలు వ్రాయు పనిని పై తరగతి బాలురకు అప్పగించియుంటిమి. వారిలో నొకడు ఇంగ్లీషు పట్టీని ముందుంచుకొని, అందలి ప్రీస్టు అను మాటకు నిఘంటువు చూచి, పొరుగూరి కతోలిక గురువుగారికి ‘పూజారిగారికి’ అని వ్రాసెను. మఱియొకడు సంఘకాపరిగారికి ‘రెవరెండుగారికి’ అని మాత్రము వ్రాసి, వారి పేరును విడిచిపెట్టెను. పత్రికలను మరల చదువకయే పంపిన తప్పు మాది. గురువుగారు నవ్వి యూరకుండిరి గాని, ఆ యూరి కతోలిక కుటుంబమొకటి తమ్మును పరిహసించితిమని తలంచి ఉత్సవమునకు రాకపోయెను. మేము వారి యింటికి పోయి క్షమాపణ చెప్పుకొని వచ్చితిమి. ఈ వ్యాసము వ్రాయవలెనని ఆ దినముననే తోచినది.

పాదిరి యను మాట మన దేశమునకు పోర్చుగీసువారితో వచ్చినది. 1498వ సంవత్సరమున వాస్కో డ గామా కోళికోడు తీరము చేరిన పిమ్మట, వారి యోడలలో వచ్చిన గురువులను ఆ జాతివారు పాద్రె యని పిలుచుచుండిరి. తండ్రి యని దాని యర్థము; లాటిను భాషయందలి పాతెర్ దానికి మూలము. కావున కతోలికులు నేడు ఫాదరుగారు అనుటయు, మన తాతలు పాదిరి యనుటయు అర్థమున నొక్కటియే. అయితే మన జనులు భేదమెంచక ప్రొటెస్టంటు మిషనరీలను సైతము పాదిరిదొరలనిరి. భూమిమీద నెవనిని తండ్రి యని పిలువరాదను బోధ మత్తయి సువార్త 23వ అధ్యాయములో నున్నందున, ప్రొటెస్టంటులలో ననేకులు ఆ పేరునకు ఒప్పుకొనరు. ఐనను 1842లో గుంటూరు చేరిన లూథరను మిషనరీ హయ్యరుగారిని ఆయన సంఘమువారే ఫాదర్ హయ్యరు అని పిలుచుకొనిరి, ఇప్పటికిని అట్లే చెప్పుకొందురు.

తెలుగు కతోలికులు వ్రాతలో వాడు మాట గురువు. ఇది పరభాషాపదమును మార్చి పెట్టుకొన్నది కాదు, ఈ దేశపు మాటయే. 1606లో మధుర చేరిన రాబర్టు డి నోబిలి యను ఇటలీ దేశస్థుడు కాషాయవస్త్రములు ధరించి, శాకాహారియై, తమిళము, తెలుగు, సంస్కృతము నేర్చుకొని, ఈ దేశపు సన్యాసివలె జీవించెను. క్రైస్తవబోధను ఈ దేశపు మాటలతోనే చెప్పవలెనను ఆయన మార్గమును పిమ్మట వచ్చినవారు అనేకులు అనుసరించిరి. ఒక విచారణను పాలించువారు విచారణ గురువులు.

ఇక మా బాలుని చిక్కుముడికి వత్తము. గ్రీకు భాషలో ప్రెస్బుతెరొస్ అనగా పెద్ద. ఆ మాటయే ఇంగ్లీషువారి నోట అరిగి అరిగి ప్రీస్టు అయ్యెను. కాని బలి యర్పించు యూదుల యాజకునికిని, దేవాలయములలోని యర్చకునికిని సైతము ఇంగ్లీషువారు ఆ యొక్క మాటనే వాడుదురు. ఇందు తెలుగు వారికంటె మేలు. తెలుగు బైబిలులో సంఘమును నడుపువారు పెద్దలు, బలి యర్పించువారు యాజకులు. రెండును వేర్వేఱు మాటలు. పూజారి యనగా గుడిలో మూర్తిని సేవించువాడు, పురోహితుడనగా ఇంటింట కర్మలు జరిపించువాడు. ఆ పేరులు వారి వారి స్థానములలో గౌరవమైనవే, వానియందు లోపమేమియు లేదు. అవి వేఱొక పదవిని తెలుపును, అంతియే. “కతోలికులు దివ్యబలిపూజ అందురు గదా, పూజ చేయువాడు పూజారి కాడా?” యని ఆ బాలుడు మమ్మడిగెను. తర్కము బాగుగనే యున్నది. వాడుక దానిని ఒప్పుకొనదు. ప్రీస్టు అను మాటలోని యీ చిక్కు లేకుండునట్లు, 1947 సెప్టెంబరు 27వ తేదీని మదరాసులో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘము తన నిబంధనలలో ప్రెస్బిటరు అను పాతమాటనే గ్రహించినది.

పాస్టరు అనునది లాటిను మాట, గొఱ్ఱెలకాపరి యని యర్థము. మనవారు దానిని సంఘకాపరి యనిరి. ఇంతకంటె చక్కని మాట మన క్రైస్తవభాషలో అరుదని మా యభిప్రాయము. కాని మన పల్లెలలో మంద కాచువాడు తఱచుగా జీతగాడు; యోహాను సువార్త 10వ అధ్యాయములో మంచి కాపరికి ఎదురుగా నిలిచినవాడును జీతగాడే. నెలజీతము పుచ్చుకొను కాపరులు ఈ భాగముపై ప్రసంగించునపుడు కొంచెము వేగముగా సాగిపోవుదురని మా మిత్రుడొకడు హాస్యమాడుచుండును.

బిషప్పునకు మూలమైన గ్రీకు మాట ఎపిస్కొపొస్. పైనుండి విచారించి చూచువాడని దాని భావము. తెలుగు బైబిలు అధ్యక్షుడనినది. అయితే ప్రతి సభకును ఒక అధ్యక్షుడుండును గనుక, జనులు బిషప్పుగారనియే వాడుదురు. 1912లో దోర్నకల్లునకు బిషప్పై, ఆంగ్లికను సంఘమున భారతీయులలో మొదటి బిషప్పనిపించుకొన్న అజరయ్యగారిని ఈ పేరుతోనే స్మరింతురు. కతోలికులు పీఠాధిపతులనియు, మేత్రాణులనియు అందురు; ఈ రెండవది సిరియా భాషనుండి కేరళ, తమిళదేశముల మీదుగా మనకు వచ్చినది. మేత్రాసనమనునది దానినుండి పుట్టినదే. డీకను అనగా పరిచారకుడు. బాప్టిస్టు సంఘములలో డీకను సంఘస్థులలోని పెద్దమనిషి. దక్షిణ ఇండియా సంఘములోను కతోలికులలోను అభిషేకము పొందిన సేవకుడు. ఉపదేశి యభిషిక్తుడు కాడు.

రెవరెండు అనునది పదవి కాదు, గౌరవింపదగినవారు అని తెలుపు విశేషణము. దాని వెంట పేరుండవలెను. రెవరెండుగారు వచ్చిరని నోటితో అనుట సాధారణమే, దానిని తప్పుపట్టము. పత్రికమీద మాత్రము వ్రాయరాదు.

ఇంటిలో, వీధిలో మనము పిలుచు పిలుపు ఇవియేవియు కావు. ప్రొటెస్టంటు కాపరి అయ్యగారు, ఆయన భార్య అమ్మగారు. ఈ పిలుపునకు ఇప్పుడొక చిక్కు వచ్చినది. దక్షిణ ఇండియా సంఘము 1976లో మొదటిసారిగా ఒక స్త్రీని ప్రెస్బిటరుగా అభిషేకించినది. 2013లో పుష్పలలితగారు నంద్యాల అధ్యక్షమండలమునకు బిషప్పై, ఆ సంఘమున మొదటి స్త్రీ బిషప్పు అయిరి. స్త్రీ కాపరిని అయ్యగారనరాదు. అమ్మగారందుమా, అది కాపరి భార్యకు చెల్లుచున్న పిలుపు. పాస్టరమ్మగారనినను అదియే అర్థమగును. గ్రామములలో కొందఱు వృద్ధులు స్త్రీ కాపరిని అమ్మగారని పిలిచి, ఆమె భర్తను అయ్యగారనుచున్నారు. ఆయన ప్రసంగమెప్పుడు చేయునని అడుగుచున్నారు. కాపరి యను మాటకు లింగభేదము లేదు గాని, దానితో ఎవరిని ఎదుట పిలువము.

ఈ సంవత్సరపు పత్రికను వెనుకటి బాలుడే వ్రాసినాడు. ఆహూతులలో ఒక స్త్రీ ప్రెస్బిటరు ఉన్నారు. వాడు రెండు దినములు ఆలోచించి, ముందు రెవరెండు అనియు, పిమ్మట వారి పేరును, చివర గారు అనియు వ్రాసి తెచ్చెను. ఈ మాఱు ప్రతి పత్రికను చదివియే పంపితిమి.