మట్టివాసన ఇచ్చిన మందు

తొలకరి చినుకు పడగానే కమ్మగా వచ్చే ఆ వాసన నిజానికి మట్టిది కాదు! ముఖ్యంగా నేలలోని స్ట్రెప్టోమైసిస్‌ జాతి సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్‌ది. క్షయను లొంగదీసిన తొలి యాంటీబయాటిక్‌ స్ట్రెప్టోమైసిన్‌ 1943లో దొరికింది వీటి దగ్గరే. 1948లో వెలుగుచూసిన ఆరియోమైసిన్‌దీ అదే పుట్టిల్లు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో బెంజమిన్‌ డగ్గర్‌ దాన్ని కనిపెట్టినప్పుడు అక్కడి పరిశోధనలకు సారథి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే.

అయితే ఈ మందులకు మనా పరా తేడా తెలియదు. రోగాన్ని తెచ్చే బ్యాక్టీరియాతోపాటు పేగుల్లో ఉండి విటమిన్‌-కె తయారుచేసిపెట్టే నేస్తాలనూ చంపేస్తాయి. కోర్సు వాడుతుంటే కొందరికి విరేచనాలు పట్టుకునేది అందుకే. ఇక, జలుబుకు కారణం వైరస్‌. దానిమీద యాంటీబయాటిక్‌ పనిచేయనే చేయదు. అయినా మందులషాపులో అడిగి రెండు మాత్రలు వేసుకునేవాళ్లెందరో! జలుబు ఎలాగూ వారం, పదిరోజుల్లో తగ్గుతుంది. ఈలోగా మందుకు లొంగని బ్యాక్టీరియాకు మాత్రం పేగుల్లో చోటు దొరుకుతుంది.