బండి ఆగినా... మనం ఆగం!

సిటీ బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడ్డారు. ఉన్నట్టుండి డ్రైవరు బ్రేకు వేశాడు. అందరూ ఒక్కసారిగా ముందుకు తూలారు. 'కాస్త చూసి నడుపు నాయనా' అని ఎవరో విసుక్కున్నారు. నిజానికి మనల్ని ఎవరూ ముందుకు తొయ్యలేదు. బస్సుతోపాటే పోతున్న మన ఒళ్లు, బస్సు ఆగినా అదే వేగంతో పోబోయింది. అంతే! హైస్కూల్లో 'జడత్వం' అని చదువుకున్నది దీన్నే. న్యూటన్ 1687లో వెలువరించిన 'ప్రిన్సిపియా'లో మొదటి గమన నియమం కూడా ఇదే.

పరీక్షలవగానే మరిచిపోయిన ఈ పాఠం వంటింట్లో రోజూ కనిపిస్తూనే ఉంటుంది. కడిగిన కొత్తిమీర కట్టను గట్టిగా విదిలిస్తాం. చెయ్యి ఆగుతుంది, కట్టా ఆగుతుంది. ఆకుల మీది నీళ్లు మాత్రం ఆగవు, ఎగిరి గోడ మీద పడతాయి. కారు గుద్దుకుంటే ఒళ్లో ఉన్న పాపాయి పరిస్థితీ అదే.

అమ్మ చేతులు ఆపగలవా?

'నా ఒళ్లోనే ఉందిగా, భయమేంటి?' అనుకుంటాం. చిన్న లెక్క వేద్దాం. పాప బరువు 10 కిలోలు. కారు వేగం గంటకు 36 కిలోమీటర్లు, అంటే సెకనుకు 10 మీటర్లు. కారు దేన్నో గుద్దుకుని సెకనులో పదో వంతులో ఆగిపోయిందనుకోండి. పాపను ఆపడానికి 1000 న్యూటన్ల బలం కావాలి. అంటే 25 కిలోల బియ్యం బస్తాలు నాలుగింటిని ఒక్కసారిగా ఎత్తిపట్టుకున్నట్టు. అదీ రెప్పపాటులో! ఎంత ప్రేమ ఉన్నా ఏ తల్లి చేతులకూ అది సాధ్యం కాదు. తల్లి బెల్టు పెట్టుకోకపోతే ఆమె బరువు కూడా బిడ్డ మీదే పడుతుంది.

దెబ్బ తగ్గేదెలా?

గుడ్డు గచ్చు మీద పడితే పగులుతుంది. అదే ఎత్తు నుంచి మెత్తటి పరుపు మీద పడితే పగలకపోవచ్చు. పరుపు దాన్ని మెల్లగా ఆపుతుంది కాబట్టి. ఆగడానికి పట్టే సమయం పెరిగితే దెబ్బ తగ్గుతుంది. హెల్మెట్ లోపలి థర్మోకోల్ లాంటి పొర నలిగి, తలకు ఆ కాస్త సమయం ఇస్తుంది. సీటు బెల్టు చేసే మేలూ ఇదే. భుజం మీదుగా, నడుం మీదుగా వచ్చే ఇప్పటి బెల్టును 1959లో వోల్వో ఇంజినీరు నిల్స్ బోలిన్ రూపొందించారు.

'పక్క వీధికేగా, హెల్మెట్ ఎందుకు?' అనకండి. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో గోడకు గుద్దుకోవడమంటే, అయిదు మీటర్ల ఎత్తు నుంచి కింద పడడంతో సమానం. వేగం రెట్టింపైతే, బ్రేకు వేశాక బండి ఆగే దూరం సుమారు నాలుగింతలవుతుంది.

వెనక సీట్లో కూర్చునేవారు...

* ఒకవైపు కాళ్లు వేసి కూర్చుంటే బండి కుదిపినప్పుడు మోకాళ్లతో ఆనుకునే వీలుండదు. డ్రెస్సు వేసుకున్నప్పుడు రెండువైపులా కాళ్లు వేసి కూర్చోండి. చీరైతే పట్టుకునే కడ్డీని వదలకండి.

* పైట, చున్నీ నడుముకు చుట్టి దోపుకోండి. చక్రంలో చిక్కితే మెడకు ఉరి బిగుసుకోవచ్చు. చీర గార్డు అలంకారం కాదు, తీయించవద్దు.

* 2019 చట్ట సవరణ ప్రకారం వెనక కూర్చున్నవారికీ, నాలుగేళ్లు దాటిన పిల్లలకూ హెల్మెట్ తప్పనిసరి. అంతకంటే చిన్నపిల్లలను ఎక్కించుకుంటే వాళ్లకు తగిన హెల్మెట్, నడిపేవారికి కట్టి ఉంచే బెల్టు ఉండాలి. వేగం 40 కిలోమీటర్లు దాటకూడదు. ఇది 2022లో వచ్చిన నిబంధన.

* కారులో పసివాళ్లను ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దు. ఎయిర్ బ్యాగ్ విచ్చుకుంటే ఆ దెబ్బ వాళ్లకే తగులుతుంది. వెనక సీట్లో, పిల్లల సీటులో బెల్టు పెట్టి కూర్చోబెట్టండి.

బడి పిల్లలకు ఈ పాఠం మార్కుల కోసం. మనకు మాత్రం క్షేమంగా ఇల్లు చేరడం కోసం. ఈ సాయంత్రం బండెక్కే ముందు కొంగు దోపుకున్నారో లేదో ఒక్కసారి చూసుకోండి!